గుప్తదానము - గుప్తధనము
(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఇప్పుడే పంతులుగారు పంచాంగ శ్రవణము ముగించినారు. ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని మనమంతా శ్రద్ధగా విన్నాము. ఆదాయము 2, వ్యయము 14 అని విన్నవారు నిట్టూర్చినారు. ఆదాయము 14, వ్యయము 2 వచ్చినవారు పక్కవారి వంక చూచి చిరునవ్వు నవ్వినారు. మన దేశములో రాజకీయ పక్షములకు కూడ ఆదాయవ్యయములు ఉన్నవి. వాటి వ్యయము ఎన్నికలనాడు గోడల మీద, జీపుల మీద, మైకులలో మన కళ్ళకూ చెవులకూ తెలుస్తూనే ఉన్నది. ఆదాయము మాత్రము ఏ పంచాంగములోను కనిపించదు. ఆ సంగతే ఈనాడు నాలుగు మాటలు చెప్పదలచినాను.

పండుగపూట రాజకీయములేమిటని పెద్దలు అనుకోవచ్చును. నేను ఏ పక్షము తరఫునా మాట్లాడబోవటము లేదు. మాట్లాడరాదు కూడ. నేను రైల్వే గుమాస్తాను. 1966 నాటి రైల్వే ఉద్యోగుల ప్రవర్తన నియమావళి ప్రకారము నేను ఏ రాజకీయ పక్షములోను చేరరాదు, ఏ రాజకీయ ఉద్యమమునకూ చందా ఇవ్వరాదు. కాని ఓటు వేయవచ్చును. చందా ఇవ్వలేని ఓటరుకు, చందా ఇచ్చినవాడెవడో తెలుసుకొనే హక్కు ఉన్నదా లేదా అన్నది ఇప్పుడు మన ముందున్న ప్రశ్న.

దానము గురించి మన పెద్దలు చెప్పిన ధర్మము ఒకటి ఉన్నది. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదంటారు. గుప్తదానము అన్నిటికన్న గొప్పదంటారు. అందుచేత పార్టీకి చందా ఇచ్చినవాడు పేరు దాచుకొంటే తప్పేమిటి, అది వినయమే కదా అని ఒకరు నన్నడిగినారు. మంచి ప్రశ్నే. దానికి జవాబు దేవాలయపు హుండీలో ఉన్నది. హుండీలో నోటు వేసినవాడెవడో చూచేవారికి తెలియదు, ధర్మకర్తకు అంతకన్నా తెలియదు. కనుక ఆ ధర్మకర్త వానికి ప్రత్యేక దర్శనము ఇప్పించలేడు, కొండ మీద కొట్టు కాంట్రాక్టు రాసి ఇవ్వలేడు. ఇచ్చినవాడు పుచ్చుకొన్నవానికి కూడ తెలియనప్పుడే అది గుప్తదానము. ఇచ్చినవానికీ తెలిసి, పుచ్చుకొన్నవానికీ తెలిసి, మధ్యనున్న జనానికి మాత్రము తెలియకపోతే దానిని మన పెద్దలు దానమనలేదు. దానికి వేరే పేరున్నది, అది మీకు తెలుసును.

ఈ తేడా మనస్సులో పెట్టుకొని మన దేశములో పార్టీ చందాల చరిత్ర చూద్దాము.

1957లో టాటా ఇనుము ఉక్కు కంపెనీవారు రాజకీయ పక్షములకు చందా ఇవ్వటానికి వీలుగా తమ కంపెనీ నిబంధనలు మార్చుకోదలచినారు. ఒక వాటాదారుడు అడ్డు చెప్పగా వ్యవహారము బొంబాయి హైకోర్టుకు వచ్చినది. ప్రధాన న్యాయమూర్తి ఎం. సి. చాగ్లాగారు అప్పటి చట్టములో అభ్యంతరము లేదు గనుక కంపెనీని ఆపలేకపోయినారు. కాని ఈ దారి తెరిస్తే ప్రజాస్వామ్యము గొంతు నులిమే ప్రమాదమున్నదని హెచ్చరించి, పార్లమెంటు ఆలోచించవలెనని తీర్పులోనే రాసినారు. ఆ ముందుచూపునకు మనము చేతులెత్తి మొక్కవలె.

1960లో పార్లమెంటు చట్టము చేసినది. కంపెనీ ఇచ్చే చందా 25,000 రూపాయలు గాని, మూడేండ్ల సగటు నికరలాభములో నూటికి 5 వంతులు గాని, ఏది ఎక్కువైతే దానికి మించరాదు. ఎంత ఇచ్చినారో, ఎవరికి ఇచ్చినారో కంపెనీ లెక్కలలో చూపవలె. 1969లో ఆ దారి కూడ మూసి, కంపెనీల చందాలు పూర్తిగా నిషేధించినారు. నిషేధిస్తే ఎన్నికల ఖర్చు తగ్గిపోయినదా? లేదు. చెక్కుతో ఇచ్చే డబ్బు సంచిలో నోట్లతో ఇచ్చే డబ్బుగా మారినది. లెక్కలో ఉన్న సొమ్ము లెక్కలేని సొమ్మయినది. 1985లో మళ్ళీ చందాలకు అనుమతి ఇచ్చినారు. 2013 నాటి కొత్త కంపెనీల చట్టములో ఆ పరిమితి మూడేండ్ల సగటు లాభములో నూటికి ఏడున్నర వంతులు అయినది. అంతకు ముందే 2003లో ఇంకొక మంచి నియమము వచ్చినది. 20,000 రూపాయలకు మించి చందా ఇచ్చిన వారి పేర్ల పట్టికను ప్రతి పక్షమూ ఏటేటా ఎన్నికల సంఘమునకు పంపవలె. పంపకపోతే ఆదాయపు పన్ను మినహాయింపు పోతుంది.

ఇక్కడ మా రైల్వే వ్యవహారము ఒకటి చెప్పనివ్వండి. సాధారణ తరగతి టిక్కెట్టు కొనేవానిని పేరేమిటని మేమడగము. పది రూపాయలు ఇచ్చి పొరుగూరు వెళ్ళేవాని పేరుతో లోకానికి పనిలేదు. కాని పార్సిలు బుక్ చేయవచ్చినప్పుడు వే బిల్లులో పంపేవాని పేరు, పుచ్చుకొనేవాని పేరు రెండూ రాస్తాము. బరువైన సరుకు చేతులు మారుతున్నప్పుడు ఇద్దరి పేర్లూ కాగితము మీద ఉండవలె. 2003 నాటి నియమమూ ఇటువంటిదే. చిన్న చందా సాధారణ టిక్కెట్టు వంటిది. పెద్ద చందా పార్సిలు వంటిది.

ఆ వే బిల్లును చింపివేసిన పని 2017లో జరిగినది. ఆ సంవత్సరపు ఆర్థిక చట్టముతోబాటు ఎన్నికల బాండ్లు అనే కొత్త పద్ధతిని తలపెట్టినారు. 2018 జనవరి 2న ఆ పథకమును ప్రకటించినారు. అది ఎట్లా నడిచినదో కొంచెము వివరముగా చెప్తాను, ఎందుకంటే కీలకమంతా ఆ వివరములోనే ఉన్నది.

బాండ్లు అమ్మే అధికారము స్టేట్ బ్యాంకుకు ఒక్కదానికే ఇచ్చినారు. వెయ్యి, పదివేలు, లక్ష, పది లక్షలు, కోటి రూపాయల విలువలలో బాండ్లు ఉండేవి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలలలో పదేసి రోజులు అమ్మేవారు. కొన్నవాడు తన వివరములన్నీ బ్యాంకుకు ఇవ్వవలె. కాని బాండు మీద వాని పేరు ఉండదు. పదిహేను రోజులలోగా దానిని తనకు నచ్చిన పక్షమునకు అందజేస్తే, ఆ పక్షము తన ఖాతాలో జమ చేసుకొనేది. బాండ్ల ద్వారా వచ్చిన చందాల పేర్లు ఎన్నికల సంఘమునకు పంపనక్కరలేదు. కంపెనీ ఏ పక్షమునకు ఇచ్చినదీ తన లెక్కలలో చూపనక్కరలేదు. లాభములో ఏడున్నర వంతుల పరిమితి కూడ తీసివేసినారు. అంటే నష్టములో ఉన్న కంపెనీ కూడ ఎంతయినా ఇవ్వవచ్చును. నష్టములో ఉన్నవాడు కోట్లు దానము చేస్తున్నాడంటే మన ఊళ్ళో శెట్టిగారు కూడ ఆ డబ్బెక్కడిదని అడుగుతారు.

ఈ పద్ధతి పెట్టినవారు చెప్పిన కారణము పూర్తిగా తోసివేయదగినది కాదు. నోట్ల సంచుల బదులు బ్యాంకు ద్వారా డబ్బు నడుస్తుంది, నల్లధనము తగ్గుతుంది అన్నారు. ఒక పక్షమునకు ఇచ్చినట్లు తెలిస్తే ఇంకొక పక్షము అధికారములోకి వచ్చి కక్ష సాధిస్తుంది గనుక దాతకు రక్షణ కావలె అన్నారు. ఈ రెండవ మాట మన వంటి వారికి బాగా అర్థమవుతుంది. పరాయి భాషవారి ఊళ్ళో కొట్టు పెట్టుకొని బ్రతికే తెలుగు వ్యాపారి ఫలానా పార్టీకి చందా ఇచ్చినాడని బజారంతా తెలిస్తే, రేపు లైసెన్సు కాగితము ఎక్కడ ఆగిపోతుందో అన్న భయము వానికి ఉంటుంది. ఆ భయము ఉత్తుత్తిది కాదు.

అయితే ఆ బాండు వానికి నిజముగా రక్షణ ఇచ్చినదా? కొన్నవాడెవడో స్టేట్ బ్యాంకుకు తెలుసును. ఆ బ్యాంకు ప్రభుత్వ రంగములోనిది. కోర్టు అడిగినా, క్రిమినలు కేసు నమోదు చేసిన పోలీసు వంటి సంస్థ అడిగినా వివరములు ఇవ్వవచ్చునని పథకములోనే ఉన్నది. బాండు కాగితము మీద మామూలు కంటికి కనపడని సంఖ్య ఉన్నదనీ, అతినీలలోహిత కాంతిలో చూస్తే కనబడుతుందనీ 2018లోనే పత్రికలవారు బయటపెట్టినారు. ఇక పుచ్చుకొన్న పక్షము సంగతి. కోటి రూపాయల బాండు చేతికిచ్చినవాడు తాను ఇచ్చినట్లు చెప్పుకోకుండా ఊరుకుంటాడా? చెప్పుకోవద్దని ఆపేదెవరు? కాబట్టి ఇచ్చినవానికి తెలుసును, పుచ్చుకొన్నవారికి తెలుసును, అధికారములో ఉన్నవారు తెలుసుకోదలిస్తే దారి ఉన్నది. తెలియనివాడు ఓటరు ఒక్కడే. హుండీ ముచ్చట ఇందాక ఎందుకు చెప్పినానో ఇప్పుడు మీకు బోధపడే ఉంటుంది.

ఎన్నికల సంఘమువారే 2017 మే నెలలో న్యాయశాఖకు జాబు రాసి, చందాల పారదర్శకతకు ఇది వెనుకడుగు అని తెలిపినారు. కొన్ని స్వచ్ఛంద సంస్థలు, ఒక రాజకీయ పక్షము సుప్రీంకోర్టుకు వెళ్ళినవి. కేసు ఏండ్ల తరబడి నడిచినది. ఈలోగా అమ్మకములు సాగిపోయినవి. మొత్తము 30 విడతలలో సుమారు 16,518 కోట్ల రూపాయల బాండ్లు అమ్ముడుపోయినవి.

2024 ఫిబ్రవరి 15న ప్రధాన న్యాయమూర్తి డి. వై. చంద్రచూడ్‌గారి అధ్యక్షతన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా ఈ పథకమును కొట్టివేసినది. రాజ్యాంగము 19వ అధికరణము మనకు ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యములో తెలుసుకొనే హక్కు కూడ ఇమిడి ఉన్నది, పక్షములకు డబ్బు ఎక్కడనుండి వస్తున్నదో తెలియనిదే ఓటరు తన ఓటును సరిగా వినియోగించుకోలేడు అన్నది తీర్పు సారాంశము. నల్లధనమును ఆపటానికి ఇది ఒక్కటే మార్గము కాదనీ చెప్పినారు. దాతకు తన రాజకీయ అభిప్రాయమును గోప్యముగా ఉంచుకొనే హక్కు ఉన్నదని ఒప్పుకొంటూనే, ప్రభుత్వ విధానమును తమకు అనుకూలముగా తిప్పుకోవటానికి ఇచ్చే చందాలకు ఆ హక్కు వర్తించదని తేల్చినారు. నాకు ఈ మాట ఎంతో సమంజసముగా తోచినది. చిన్న వ్యాపారి అయిదు వేలు ఇస్తే అది వాని అభిప్రాయము. కంపెనీ యాభై కోట్లు ఇస్తే అది అభిప్రాయము కాదు, పెట్టుబడి.

ఆ తరువాత జరిగినది గుమాస్తాలమైన మాకు మరీ ఆసక్తి కలిగించినది. 2019 ఏప్రిల్ 12 నుండి అమ్మిన బాండ్ల వివరములన్నీ మార్చి 6లోగా ఎన్నికల సంఘమునకు అందించవలెనని కోర్టు స్టేట్ బ్యాంకును ఆదేశించినది. కొన్నవారి లెక్క ఒకచోట, జమ చేసుకొన్నవారి లెక్క ఇంకొకచోట ఉన్నవి, రెండూ సరిపోల్చటానికి జూన్ 30 వరకు గడువు కావలెనని బ్యాంకు అడిగినది. ఏప్రిల్, మే నెలలలో లోక్‌సభ ఎన్నికలు రానున్నవి. గడువు ఇస్తే ఓటరుకు ఎన్నికలయిన తరువాత తెలిసేది. కోర్టు మార్చి 11న ఆ కోరికను తిరస్కరించి మరునాడే ఇమ్మన్నది. మార్చి 14న పేర్లు లోకానికి వెల్లడి అయినవి. బాండ్ల సంఖ్యలు కూడ ఇవ్వవలసిందేనని మళ్ళీ ఆదేశించగా, మార్చి 21న అవీ వచ్చినవి. ఎవరు కొన్నది ఎవరు జమ చేసుకొన్నారో సంఖ్యలు పక్కపక్కన పెట్టి చూచుకొనే వీలు సామాన్యునికి మొట్టమొదటిసారి కలిగినది.

ఆ పట్టికలో ఏమున్నది? అందరికన్న ఎక్కువ కొన్నది కోయంబత్తూరు చిరునామా గల ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ వ్యాపార సంస్థ, 1,368 కోట్లు. రెండవది మన హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. అది ప్రభుత్వముల నీటిపారుదల పనులు, రోడ్ల పనులు చేసే సంస్థ. బాండు కొనటము ఆనాడు చట్టసమ్మతమే గనుక, కొన్నంతమాత్రాన ఎవరినీ దోషి అనరాదు. కాని ప్రభుత్వ పనులు చేసేవారు, ప్రభుత్వ లైసెన్సులతో వ్యాపారము చేసేవారు పట్టిక మొదట్లోనే ఉండటము చూచి ఓటరు ఆలోచించవలసి ఉన్నది.

పుచ్చుకొన్నవారి వరుస కూడ చూడండి. 2019 ఏప్రిల్ తరువాతి లెక్కలో కేంద్రములో అధికారములో ఉన్న భారతీయ జనతా పార్టీకి సుమారు 6,060 కోట్లు. ఆనాడు బెంగాలును పాలించిన తృణమూల్ కాంగ్రెసుకు 1,609 కోట్లు. జాతీయ కాంగ్రెసుకు 1,421 కోట్లు. తెలంగాణను 2023 చివరి వరకు పాలించిన భారత రాష్ట్ర సమితికి 1,214 కోట్లు. మనము బ్రతుకుతున్న ఈ ఒడిశాను 2024 వరకు పాలించిన బిజూ జనతా దళమునకు 775 కోట్లు. తమిళనాట ద్రావిడ మున్నేట్ర కళగమునకు 639 కోట్లు. ఆంధ్రలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు 337 కోట్లు, తెలుగుదేశమునకు 218 కోట్లు. ఏ ఒక్కరినీ వేలెత్తి చూపటానికి ఈ అంకెలు చదవటము లేదు. పల్లమున్న వైపు నీరు పారినట్లు అధికారమున్న వైపు డబ్బు పారినదని చూపటానికే చదివినాను. ఒక రాష్ట్రములో ఒక పక్షము, ఇంకొక రాష్ట్రములో వేరొక పక్షము. పక్షము పేరు మారినా పల్లము మాత్రము కుర్చీ దగ్గరే ఉన్నది.

సరే, బాండ్లు పోయినవి, ఇక అంతా సుఖమా అంటే కాదు. 20,000 రూపాయలకు మించిన చందాల పేర్లు ఇవ్వవలెనన్న పాత నియమము తిరిగి నిలబడినది. కంపెనీల చందాలకు పరిమితి, వెల్లడి రెండూ తిరిగి వచ్చినవి. కాని కన్నములు ఇంకా ఉన్నవి. 20,000కు లోపు చందాలకు పేరు చెప్పనక్కరలేదు గనుక పెద్ద మొత్తమును చిన్న ముక్కలుగా చూపే అవకాశమున్నది. నోట్ల రూపములో 2,000కు మించి పుచ్చుకోరాదని ఆదాయపు పన్ను చట్టము చెప్తున్నా, చిన్న ముక్కలకు అది అడ్డు కాదు. 2013 నాటి పథకము ప్రకారము నడిచే ఎలక్టొరల్ ట్రస్టులు అనేవి ఉన్నవి. పలు కంపెనీలు ట్రస్టుకు ఇస్తే, ఆ యేడు వచ్చిన దానిలో నూటికి 95 వంతులైనా ట్రస్టు పక్షములకు పంచవలె. ఇచ్చినవారి పేర్లూ పుచ్చుకొన్నవారి పేర్లూ తెలుస్తవి. కాని నాలుగు బావుల నీళ్ళు ఒక తొట్టిలో పోసి పంచినప్పుడు ఏ చెంబులో ఏ బావి నీళ్ళున్నవో ఎట్లా చెప్పగలము?

ఖర్చు వైపు కూడ ఒక వింత ఉన్నది. లోక్‌సభకు నిలబడే అభ్యర్థి పెద్ద రాష్ట్రములలో 95 లక్షలకు మించి ఖర్చు పెట్టరాదని 2022లో హద్దు పెట్టినారు. కాని పక్షము పెట్టే ఖర్చుకు హద్దే లేదు. వాకిలికి తాళము వేసి పెరటి తలుపు తీసి ఉంచినట్లున్నది. పక్షములు సమాచార హక్కు చట్టము కిందికి వస్తవని కేంద్ర సమాచార సంఘము 2013లో ఆరు జాతీయ పక్షముల విషయములో తేల్చి చెప్పినా, ఒక్క పక్షమూ దానిని మన్నించలేదు. ఒకరినొకరు తిట్టుకొనే పక్షములు ఈ ఒక్క విషయములో మాత్రము అన్నదమ్ములవలె ఉన్నవి.

ఓటు రహస్యము, మరి చందా బహిరంగము ఎందుకని కొందరంటారు. కోటీశ్వరునికి ఒకే ఓటు, కూలివానికి ఒకే ఓటు. అందరికీ సమానమైనది గనుక రహస్యముగా ఉన్నా ఎవరికీ నష్టము లేదు, పేదవానికి అదే రక్ష. డబ్బు అట్లా సమానము కాదు. ఒకరి చేతిలో నూరు, ఒకరి చేతిలో నూరు కోట్లు. సమానము కానిది చీకటిలో పనిచేస్తే, సమానమైన ఓటు విలువే తరిగిపోతుంది.

ఇక మనము చేయగలిగినది ఏమిటి? నాకు తోచినవి మూడు ఉన్నవి.

మొదటిది, ఉన్న పట్టికలను చదవటము. పక్షముల చందాదారుల జాబితాలు, ఆడిటు అయిన వార్షిక లెక్కలు, ఎన్నికల ఖర్చుల లెక్కలు ఎన్నికల సంఘమువారు తమ వెబ్‌సైటులో పెడుతున్నారు. మన పిల్లలు ఫోనులో ఎన్నో చూస్తున్నారు. ఒక ఆదివారము దీనిని కూడ చూడమనండి.

రెండవది, మన నియోజకవర్గపు అభ్యర్థి లెక్క అడగటము. ఫలితము వెలువడిన 30 రోజులలో ప్రతి అభ్యర్థీ తన ఖర్చు లెక్కను జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వవలె. ఆ లెక్కను ఎవరైనా సరే, ఒక్క రూపాయి రుసుము చెల్లించి చూడవచ్చునని ఎన్నికల నియమములలో ఉన్నది. ఒక్క రూపాయి! ఈ హక్కు తెలుగువారికొకటి, ఒడియావారికొకటి అని లేదు. ఊరు మనది కాదు, మనకెందుకులే అని తప్పుకోవటము మానవలె. పుట్టిన ఊరు ఏదైనా, ఓటున్న ఊరే మన ఊరు.

మూడవది మన ఇంటి సంగతి. కార్యవర్గము వారు నన్ను మన్నింతురుగాక. మన వంటి వలస సంఘములను ఎన్నికల వేళ వెతుక్కుంటూ వచ్చేవారు ఉంటారు. పందిరి ఖర్చు మాదంటారు, కల్యాణ మండపము కట్టిస్తామంటారు. తెలుగువాళ్ళ ఓట్లన్నీ ఒక మూటగా కట్టి ఇవ్వండని అడగకుండానే అడుగుతారు. ప్రతి ఉగాది సంచిక చివర మనము చందాదారుల పట్టిక అచ్చు వేస్తున్నాము. వంద రూపాయలిచ్చిన గ్యాంగుమనుగారి పేరు అందులో ఉంటున్నది. మరి ఏ నాయకుడైనా, ఏ కంట్రాక్టరైనా మన పండుగకు పదివేలిస్తే ఆ పేరు, ఆ మొత్తము కూడ అదే పట్టికలో అదే అక్షరములతో అచ్చు కావలెనని, పేరు వద్దనేవారి పెద్ద చందా మనకూ వద్దనీ ఈ సభలో ఒక తీర్మానము చేయవలెనని సవినయముగా ప్రతిపాదిస్తున్నాను. దేశములోని పక్షములను అడగటానికి ముందు ఆ ప్రశ్నకు మన పుస్తకములో జవాబు ఉండవలె కదా.

 ప్రతిపాదనను బలపరచేవారు ఎవరైనా ఉంటే చెప్పవలసినదని అధ్యక్షులవారి ద్వారా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.